పెనుకొండ మీద రెండో బీకన్

"ఆమె డబుల్ ఏజెంట్. ప్రాణాలతో తేవాల్సిన పనిలేదు."

కల్నల్ రంగనాథ్ ఫోటోను టేబుల్ మీదుగా తోశాడు. హిందూపురం శివార్లలో, పట్టుగూళ్ల గోడౌన్ వెనక గదిలో బ్రీఫింగ్. ఫోటోలో ఉన్నది ధర్మవరం చీరల వ్యాపారి సింధూర.

ఆర్మీ ఇంటెలిజెన్స్ ఏజెంట్ ఆరిఫ్ ఎదురు ప్రశ్న వేయలేదు. తనను ఈ పనిలోకి తెచ్చిందీ, నాయన పోయిననాడు పక్కన నిలబడిందీ ఈ మనిషే.

ముందు వరసలో పోరాడే జవాన్లకు ఆకాశం నుంచి అండ ఎవరివ్వాలి? వాయుసేన జెట్లా, ఆర్మీ సొంత హెలికాప్టర్లా? ఏళ్లుగా నలుగుతున్న ఆ తగువు తేల్చడానికే ఆ మధ్యాహ్నం పెనుకొండ గుట్టల్లో ట్రయల్. నేలమీది బీకన్ పంపే సిగ్నల్‌ను పట్టుకుని జెట్ బాంబు టార్గెట్‌ను కొట్టాలి. ఆ సిగ్నల్ కోడ్‌ను సింధూర ఓ విదేశీ ముఠాకు అమ్మేసిందని కల్నల్ చెప్పాడు.

ఆరిఫ్ గళ్ల లుంగీతో, పట్టుగూళ్ల వ్యాపారి వేషంలో ధర్మవరం చేరాడు. షాపులో సింధూర ఒక్కతే ఉంది. నెమలికంఠం రంగు చీర, ఎవరినైనా ఓ క్షణం నిలబెట్టేసే కళ్లు.

"నల్లంచు తెల్లచీర ఉండాదా?" కల్నల్ చెప్పిన ముఠా కోడ్ వాడాడు.

"ఇంకా మగ్గం మీదే ఉండాది."

కోడ్ కలిసింది. అతని చెయ్యి చొక్కా కింది పిస్టల్ మీదికి పోయింది.

"కాల్చేముందు ఇది విను, ఆరిఫ్," అంటూ ఆమె ఒక జరీ కండె అందించింది.

కండెలో రికార్డర్. అందులో కల్నల్ గొంతు తాపీగా బీకన్ కోడ్ అంకెలు చదువుతోంది. ఆరిఫ్ రెండోసారి విన్నాడు. పొరపాటు పడడానికి వీల్లేని గొంతు.

సింధూర వాయుసేన ఇంటెలిజెన్స్ మనిషి; ఆర్మీ ఏజెంట్ల ఫోటోలు ముందే చూసి ఉంది. ముఠాలో చేరి, ఆ రికార్డింగ్‌ను ఆ పొద్దునే చేజిక్కించుకుంది. అదే కోడ్‌తో ముఠా రెండో బీకన్ తయారుచేసి, జవాన్లున్న బంకర్ పక్కన పాతిందని చెప్పింది. ట్రయల్ ఆపే కోడ్‌వర్డ్ ఆర్మీ వాళ్లకే తెలుసు. జెట్‌తో మాట్లాడే రేడియో వాయుసేన దగ్గరే ఉంది. రెండు సేనలూ ఒక్క ఫ్రీక్వెన్సీకి ఏనాడూ ఒప్పుకోలేదు.

ట్రయల్ కోసం గుట్టల్లో ఫోన్లు ఆపేశారు. ఇద్దరూ ఆమె జీపులో పెనుకొండకు దూసుకెళ్లారు. కోట దగ్గరికి వచ్చేసరికి జీపులోని వాయుసేన రేడియో సెట్‌లో పైలట్ గొంతు దొరికింది. జెట్ అప్పటికే గుట్టల మీదికి దిగుతోంది.

"మొగలిపువ్వు! ట్రయల్ అబార్ట్!" అన్నాడు ఆరిఫ్.

"ఇది ఎవరి ఆర్డర్? ఆర్మీదా, ఎయిర్‌ఫోర్స్‌దా?"

"ఎవరిదైతేనేం? కింద మనోళ్లుండారు."

సింధూర సెట్ లాక్కుని తన ఏజెంట్ నంబర్ చెప్పింది. బాంబు వదలకుండానే జెట్ పైకి లేచింది. ఆ హోరుకు బంకర్ మీది ఇసుక బస్తాలు అదిరాయి.

రంగనాథ్ కంట్రోల్ టెంట్ బయట నిలబడి ఉన్నాడు. జీపులో సింధూరను ప్రాణాలతో చూడగానే అతనికి అంతా అర్థమైంది.

"సరిహద్దులో నా కుర్రోళ్లు చచ్చిపోతాంటే విమానం రాలేదబ్బా," అన్నాడు. "ఎవరు పంపాలని పైవాళ్లు వాదులాడుకుంటాండ్రి. మన విమానాలు మనకుంటే చాలనుకున్నా. బాంబు ఖాళీ గుట్ట మీద పడుతుందని ముఠా వాళ్లన్నారు, వాయుసేన పరువు పోతే చాలని నమ్మినా."

"ఈమెను నేను కాల్చేసింటే, సార్?"

రంగనాథ్ తల పక్కకు తిప్పుకున్నాడు. అన్నేళ్లలో ఆయన ఆరిఫ్ కళ్లలోకి చూడలేకపోవడం అదే మొదటిసారి. ఆరిఫ్ ముందుకొచ్చి ఆయన నడుముకున్న పిస్టల్ తీసుకున్నాడు.

సాయంత్రానికి ముఠా మొత్తం దొరికింది. రంగనాథ్ మాత్రం టెంట్ ముందు కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. ఆయన్ను అరెస్టు చేయాల్సింది ఆర్మీనా, వాయుసేనా అన్నది ఇంకా తేలలేదు.