మొదటి కౌంటర్ ఖాళీగా ఉన్నా

జోనల్ ఆఫీసు మెయిల్ వచ్చేసరికి మా ఆయన మా బ్యాంకు రెండో క్యాష్ కౌంటర్లో చిరిగిన నోట్లు ఏరుతున్నాడు.

"స్టార్ పెర్ఫార్మర్ మన క్యాషియరే!" మేనేజర్ అద్దాల గదిలోంచి అరిచాడు. ఆయనకి మేం పెట్టుకున్న పేరు టార్గెట్ మావయ్య.

"నేనా? జన్మలో ఒక్క ఇన్సూరెన్స్ పాలసీ అమ్మలేదు సార్!"

"అదేనయ్యా నీ గొప్పతనం. చెప్పుకోవు."

పెళ్లయి నెల కూడా కాలేదు. మా ఆయన తుమ్మినా నాకు ముచ్చటే. స్టార్ వస్తే ఆగుతానా? చప్పట్లు కొట్టేశాను. తర్వాత చూశాను, అదే మెయిల్లో కింద నేనూ ఉన్నాను. అమ్మకాలు సున్నా. ఉద్యోగం పర్మనెంట్ చేయడం కుదరదట.

సున్నా! నోరు నొప్పెట్టేలా పాలసీలు వివరించేది నేను. ఒప్పించేది నేను. "డబ్బు రెండో కౌంటర్లో కట్టండి" అని పంపేదీ నేనే, మొదటి కౌంటర్ ఖాళీగా ఉన్నా సరే. కస్టమర్ వెళ్లినప్పుడల్లా ఆయన తలెత్తి నావైపు చూస్తాడు మరి! మా ప్రేమంతా అలాగే నడిచింది. పెళ్లయ్యాకా మానబుద్ధి కాలేదు.

మా బ్యాంకువారి ఘనమైన రివార్డు సిస్టమ్‌కి ఒప్పించిన నోరు కనబడదు. డబ్బు తీసుకుని మీట నొక్కిన వేలే కనబడుతుంది. ఆ తెలివికి మళ్లీ ఒక కేకు, ఒక గాజు ట్రోఫీ, గోడ మీద పళ్లికిలించిన ఫోటో! పోయినసారి స్టార్ వచ్చినాయన అప్పటికి నెల్లాళ్లుగా సెలవు పెట్టి ఇంట్లో పడుకుని ఉన్నాడు.

"ఆ పాయింట్లు ఆవిడవి సార్. మార్చండి," అన్నాడు మా ఆయన.

"సిస్టమ్ ఒప్పుకోదయ్యా."

"ఆ సిస్టమ్ ఎక్కడుంటాడో చెప్పండి, వెళ్లి కాళ్లు పట్టుకుంటా."

"మొగుడూ పెళ్లాలు ఒకటే కదా, ఎవరికొస్తే ఏం?"

నాకు ఒళ్లు మండింది. "అయితే మీ జీతం మీ ఆవిడ ఖాతాలో వేయమందామా సార్?"

"అదెలాగూ అక్కడికే పోతుందమ్మా," అని నిట్టూర్చి టార్గెట్ మావయ్య గదిలోకి దూరిపోయాడు.

భోజనాల గదిలో క్యారియర్ విప్పి అన్నం కెలుకుతున్నాను. మా ఆయన ఫోన్ మాట్లాడి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"స్టార్ వచ్చినవాడు జోనల్ ఆఫీసు సభలో అమ్మకాల కిటుకులు చెబుతూ ప్రసంగం చేయాలట."

"నీకేం తెలుసని?"

"ఏమీ తెలీదు. అందుకే జోనల్ మేడమ్‌కి చెప్పేశా, ఇద్దరం వస్తున్నామని. నిన్ను పర్మనెంట్ చేయాల్సింది ఆవిడే కదా?"

"అంతమందిలోనా? కస్టమర్లని నీ దగ్గరికే ఎందుకు పంపానని అడిగితే?"

"అడక్కముందే చెప్పు. నేనూ వినాలి."

"సిగ్గులేదూ!"

"లేదు. రేపు పొద్దున్నే బయల్దేరదాం. స్టేజీ మీద ట్రోఫీ నేను పట్టుకుంటా. మైకు నువ్వు పట్టుకో."