ముప్పై ఆరు మందిలో ముగ్గురు

ఆ శుక్రవారం కూడా గ్రేసీ రోజూలాగే ఆరు గంటలకల్లా హైస్కూలు మైదానంలో ఉంది. జూన్ నెలైనా పలమనేరులో పొద్దునపూట చలిగానే ఉంటుంది. నెట్ చిరిగిపోయిన బాస్కెట్‌బాల్ రింగులోకి రోజుకు రెండు వందల సార్లు బంతి వేయడం ఆ పిల్లకు మూడేళ్ల అలవాటు. పదహారో ఏడు నడుస్తోంది. అప్పటికే అయిదడుగుల పది అంగుళాల ఎత్తు. పోయిన నవంబరులో వడమాలపేటలో జరిగిన జిల్లా పోటీల్లో జట్టు మొత్తం నలభై నాలుగు పాయింట్లు చేస్తే, అందులో ముప్పై ఒకటి గ్రేసీ ఒక్కతే చేసింది.

నూట నలభై దాటుతుండగా డ్రిల్లు మాస్టారు మునిరామయ్య సైకిలు మీద వచ్చాడు. కూతురి పెళ్లికి రెండు వారాలు సెలవు పెట్టి, ముందు రోజు రాత్రే ఊరి నుంచి తిరిగొచ్చిన మనిషి. గ్రేసీని చూడగానే సైకిలు ఆపేశాడు.

"ఏమ్మా, నువ్వు ఈడుండావేంది? ఈ పొద్దు తిరపతిలో స్పోర్ట్స్ హాస్టలు సెలెక్షన్లు గదా. పదకొండుకంతా ఆడుండాల."

తనకు ఉత్తరమే రాలేదని గ్రేసీ చెప్పింది. రాకపోవడమేమిటి, పది రోజుల కిందటే పంపుంటారు, సెలవుకు పోకముందే లిస్టులో నీ పేరు నా కళ్లతో చూశాను అన్నాడాయన. గ్రేసీ బంతిని చంకలో పెట్టుకుని ఇంటికి పరుగెత్తింది.

ఇంట్లో తండ్రి ప్రేమానందం గడ్డం గీసుకుంటున్నాడు. పాల కేంద్రంలో పాలలో వెన్న శాతం చూసే ఉద్యోగం ఆయనది. తల్లి జ్ఞానాంబ ఉప్మా కలుపుతోంది. అన్న జోయల్ అప్పుడే ఊళ్లన్నీ తిరిగి పాలు దించి వచ్చి, మెట్టు మీద కుడికాలు చాపుకుని కూర్చున్నాడు. అతను వరదయ్య అనే ఆసామి దగ్గర పాలవ్యాను నడుపుతాడు. ఇరవై ఆరేళ్లకే మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటాడు.

గ్రేసీ రొప్పుతూనే విషయం చెప్పింది. తల్లీ తండ్రీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పోస్టుమాన్ ఇస్తే ఎవరికిచ్చాడో తెలియదన్నారు. జోయల్ తలెత్తలేదు.

"నాకే ఇచ్చినాడు. నేనే దాచిపెట్టినాను," అన్నాడు.

ప్రేమానందం సగం గడ్డం నురుగుతోనే లేచి వచ్చి చెయ్యెత్తాడు. జ్ఞానాంబ మధ్యలో అడ్డం నిలబడింది. కొట్టబోయిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

జోయల్ కూడా ఒకప్పుడు ఇట్లాంటి పిల్లవాడే. పదమూడో ఏట క్రీడా హాస్టలుకు ఎంపికైతే చర్చిలో అందరూ నిలబడి ప్రార్థన చేశారు. రాష్ట్ర జట్టులో రెండేళ్లు ఆడాడు. పంతొమ్మిదో ఏట మోకాలు తిరిగిపోయింది. నొప్పి తెలియకుండా సూది వేసి ఇంకో మూడు మ్యాచులు ఆడించారు. ఆ తరువాత హాస్టల్లో మంచం ఖాళీ చెయ్యమన్నారు. ఇంటర్ రెండుసార్లు తప్పాడు. ఊరికి వచ్చిన నాటి నుంచి బాస్కెట్‌బాల్ ఊసెత్తలేదు. చెల్లెలు ఆడే ఒక్క ఆటకూ పోలేదు.

"మా హాస్టల్లో ముప్పై ఆరు మంది నాయనా," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "ఒక్కొక్కడూ వాని ఊర్లో మొనగాడే. రైల్వేలో ఇద్దురికి, పోలీసులో ఒకనికి ఉద్యోగం వచ్చింది. మిగిలిన ముప్పై ముగ్గురిని అడిగేవాళ్లు లేరు. ఒకడు కోలారు మండీలో టమాటా బుట్టలు మోస్తా ఉండాడు. ఒకడు తాగి తాగి సచ్చిపోయినాడు. నేనిట్లుండాను. పాప పదిలో ఫస్టు క్లాసులో పాసైండాది, సదువుకోనీ అనుకున్నాను. తప్పా?"

గ్రేసీ కళ్లనిండా నీళ్లున్నాయి కాని మాట తడబడలేదు.

"వద్దని నా మొగాన చెప్పింటే నీతో కొట్లాడేదాన్ని అన్నా. గెలిచేదాన్నో ఓడేదాన్నో. నువ్వు నన్ను కొట్లాడనే ఇయ్యలేదు."

జోయల్‌కు ఆ మాట చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. లోపలికి పోయి, తన పరుపు కింద నుంచి కవరు తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టాడు. గోడ గడియారం చూశాడు. ఏడు నలభై. తిరుపతి బస్సు ఏడింటికే పోయింది. మళ్లీ వచ్చే బస్సు పట్టుకుంటే చేరేసరికి పన్నెండున్నర అవుతుంది.

"బూట్లు తీసుకో పాపా. వ్యాను తీస్తా ఉండా," అన్నాడు.

వరదయ్యకు తాను చెప్పుకుంటానన్నాడు ప్రేమానందం. జ్ఞానాంబ ఉప్మా గిన్నెతో సహా వ్యానులో పెట్టేసింది.

మొగిలి ఘాటు మలుపుల్లో వెనకాల ఖాళీ పాల క్యాన్లు ఒకదానికొకటి కొట్టుకుంటూ మోత పెట్టాయి. బంగారుపాళ్యం దగ్గర మామిడికాయల లారీలు రోడ్డంతా ఆగి ఉన్నాయి. జోయల్ దిగి, కుంటుకుంటూనే పోయి, ముందున్న డ్రైవర్లందరినీ బతిమాలి వ్యానుకు దారి చేయించాడు. చిత్తూరు దాటేసరికి తొమ్మిదింపావు. పూతలపట్టు కూడలిలో గ్రేసీ సీటు మీద కాళ్లు మడుచుకుని బూట్ల తాళ్లు కట్టుకుంది. ఎందుకో ఆ పిల్లకు నవ్వు వస్తోంది. అన్న వ్యాను అంత వేగంగా నడపగా ఆమె ఎప్పుడూ చూడలేదు.

తిరుపతి మైదానం చేరేసరికి పదకొండూ పది. గేటు దగ్గర గుమాస్తా రిజిస్టరు మూసేశానన్నాడు. జోయల్ అతన్ని దాటుకుని నేరుగా సెలెక్టరు దగ్గరికి పోయాడు. పాతికేళ్లు ఆడి, ఆడించిన మనిషి శకుంతలమ్మ. అమ్మాయిల హాస్టలును చూసుకునేదీ ఆమే. మెడలో విజిల్, సగం నెరిసిన జుట్టు.

"పాప తప్పు లేదు మేడం. ఉత్తరం దాచింది నేను. అన్నని," అన్నాడు.

అంతమంది ముందు ఆ మాట చెబుతున్న కుర్రవాణ్ణి ఆమె పైనుంచి కిందికి చూసింది. మోకాలి దగ్గర చూపు ఒక క్షణం ఆగింది. తరువాత గ్రేసీని లోపలికి పొమ్మని తల ఊపింది.

వచ్చినవాళ్లు ఎనభై నాలుగు మంది. తీసుకునేది ఆరుగురిని. గ్రేసీ మొదటి రెండు బంతులూ చేజార్చుకుంది. మూడోది చేతికి చిక్కాక ఇద్దరిని తప్పించి, ఎడమచేత్తో వేసింది. తరువాత ఇక ఆగలేదు. తానే వేయగల బంతిని కూడా పక్కనున్న అమ్మాయికి అందించి వేయించింది. చుట్టూ కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. కంచె పట్టుకుని నిలుచున్న జోయల్‌కు తాను అరుస్తున్నట్టు తనకే తెలియలేదు. "ఎడమకు పో పాపా, ఎడమకు" అని అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది.

మూడింటికి పేర్లు చదివారు. గ్రేసీది అయిదో పేరు. ఆ పిల్ల వచ్చి అన్న మెడ పట్టుకుని వేలాడింది. జోయల్ మెల్లగా విడిపించుకుని శకుంతలమ్మ దగ్గరికి పోయాడు.

ఆరుగురిలో ఉద్యోగం దాకా పోయేది ఎంతమంది అని అడిగాడు. ఒక్కరు, ఒక్కోసారి ఆ ఒక్కరూ ఉండరు అని ఆమె దాచకుండా చెప్పింది. కాలేజీకి పంపుతారా అంటే, పంపుతాను, పరీక్షలప్పుడు ఆట బందు అంది.

"దెబ్బ తగిలితే?"

"ఆ రోజే ఇంటికి ఫోన్ చేస్తాను. దెబ్బ మాని, డాక్టరు సరేనన్నాకే బంతి ముట్టనిస్తాను. నీకట్లా చేసినోళ్లు లేరా నాయనా?"

ఏడేళ్లుగా ఎవరూ అడగని మాట అది. జోయల్ మొహం పక్కకు తిప్పుకుని, వచ్చినంత ఏడుపూ ఏడ్చాడు.

ఎస్టీడీ బూతు నుంచి పాల కేంద్రానికి ఫోన్ చేశారు. కబురు విని ప్రేమానందం అక్కడున్నవాళ్లందరికీ వినబడేలా రెండుసార్లు చెప్పించుకున్నాడు. తరువాత ఫోను కొడుకుకు ఇమ్మని, తిన్నావా అని మాత్రం అడిగాడు.

తిరుగుదారిలో ఎండ తగ్గింది. చల్లారిన ఉప్మా ఒకే గిన్నెలో ఇద్దరూ తిన్నారు. చంద్రగిరి దాటాక గ్రేసీ అడిగింది.

"అన్నా, ఇట్లయితాదని ముందే తెలిసింటే, నువ్వు ఆ హాస్టలుకు పోకుండా ఉండేవాడివా?"

జోయల్ ఎదురొచ్చిన లారీకి దారిచ్చి గేరు మార్చాడు.

"పోయుంటాను పాపా," అన్నాడు. "నీ మొగాన వద్దంటే నువ్వు ఇదే అడుగుతావని, ఆ మాట నీకు చెప్పాల్సొస్తాదనే ఉత్తరం దాచినాను."