బేక్ దాచిన పేరు

ఢాం!

వెనక నుంచి నల్ల ఎస్‌యూవీ గుద్దింది. కారు మంచు మీద జర్రున పక్కకు జారింది.

“బ్రేక్ వెయ్యకే, ఫేబీ!” కృపాబాయి డాష్‌బోర్డు పట్టుకుంది.

“ఐ నో, మమ్మీ!” కూతురు పళ్లు బిగించి స్టీరింగ్ తిప్పింది.

కెనడా రాజధాని ఒట్టావా. డిసెంబరు సాయంత్రం. అప్పుడే చీకటి పడిపోయింది. వెల్లింగ్టన్ స్ట్రీట్‌లో దీపాలున్నాయి, మనుషుల్లేరు. ప్రధాని డేనియల్ బేక్ పొద్దున్నే ఎమర్జెన్సీ ప్రకటించాడు. దాన్ని రద్దు చేయడానికి పార్లమెంటులో ఓటింగ్ మొదలవబోతోంది. రెండు వైపులా బలం సమానం. గ్వెల్ఫ్ ఎంపీ కృపాబాయి లోపలికి చేరితే ఎమర్జెన్సీ పోతుంది. చేరకపోతే ఉంటుంది.

ఆమె బేక్ పార్టీ మనిషే. అతని కోసం ఇంటింటికీ తిరిగిన మనిషి.

తిరగదా మరి? పసితనంలో దక్షిణ కొరియాలోని సియోల్ నుంచి వచ్చి, విన్నిపెగ్‌లో చదువుకుని, ఒంటారియోలో ప్రాసిక్యూటర్ అయ్యాడు బేక్. గ్వెల్ఫ్‌లో ఫ్యాక్టరీ తగలబడినప్పుడు బయటి తలుపుకు గొలుసు, తాళం ఉన్నాయి. లోపల కృపాబాయి భర్త డేవిడ్‌సన్ ఉన్నాడు. మంత్రులు ఫోన్లు చేసినా లొంగకుండా ఓనర్ని జైలుకు పంపాడు బేక్. ఆ కేసే అతన్ని నాయకుణ్ణి చేసింది. తర్వాత పార్టీ. ఆ తర్వాత ప్రధాని కుర్చీ.

ఈ మనిషి ఎవరికీ తల వంచడని ప్రతి స్టేజీ మీదా చెప్పింది ఆమే!

ఇప్పుడు? కాంట్రాక్టుల కేసులో బావమరిది కర్టిస్‌ను పోలీసులు అరెస్టు చేయబోతే, ఎమర్జెన్సీ పెట్టి కేసే ఆపేశాడు.

ఫోన్ మోగింది. బేక్!

కోర్టులో విన్న గొంతే. నెమ్మదిగా, మర్యాదగా. వెనక్కి తిరిగిపొమ్మన్నాడు. డేవిడ్‌సన్ కోసం తను ఎంత చేశాడో గుర్తు చేశాడు. ఓనర్ ఒక్కడే దోషి కాదన్నాడు. ఆ తాళం వేయించిందెవరో తనకు తెలుసన్నాడు. ఓటుకు రాకపోతే రేపే కేసు తిరగదోడిస్తానన్నాడు.



ఇన్నేళ్లూ... తెలుసా ఇతనికి?

“పేరు ఇప్పుడే చెప్పండి.”

ముందు కారు వెనక్కి తిప్పమన్నాడు.

ఆ ఫ్యాక్టరీ మేనేజర్ కర్టిసే. సాక్షిగా వచ్చి బోనులో ఏడిస్తే మంచినీళ్లు అందించింది తను. ఆ ఏడాదే కర్టిస్ అక్కను బేక్ పెళ్లి చేసుకుంటే, చర్చిలో ముందు వరసలో కూర్చుని ప్రార్థన చేసింది కూడా తనే.

“మీ బావమరిదేనా?”

ఫోన్ కట్!

ఎస్‌యూవీ మళ్లీ గుద్దింది. కారు గిర్రున తిరిగి మంచు కుప్పలోకి దూసుకెళ్లింది. ఫేబీ కాలు ఇరుక్కుపోయింది.

“గో, మమ్మీ!”

కృపాబాయి కదల్లేదు. ఎలా కదులుతుంది?

ఎప్పుడూ ఇంగ్లీషు తప్ప మాట్లాడని పిల్ల తెలుగులో అరిచింది.

“డాడీ కోసం వెళ్లు!”

ఆమె పరుగెత్తింది.

మంచు. గాలి. వెనక బూట్ల చప్పుడు. పార్లమెంటు పక్క తలుపు దగ్గర ఒక మహిళా గార్డు. చేతిలో తుపాకీ.

“ఆగండి! ఎవర్నీ పంపొద్దని ఆర్డర్!”

“నేను ఎంపీని. కాలుస్తావా? కాల్చు. నేను ఆగను.”

గార్డు వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది. ఆమె కళ్లు మాత్రం కృపాబాయి భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాయి...

తుపాకీ పేలింది.

కృపాబాయి పడలేదు.

వెనక మంచులో ఒకడు తొడ పట్టుకుని పొర్లుతున్నాడు. చేతిలోని పిస్టల్ దూరంగా ఎగిరిపడింది. తల మీది టోపీ జారిపోయింది.

కర్టిస్!

కృపాబాయి అతని కాలర్ పట్టుకుంది. అతను నెత్తుటి చేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“తాళం వేయించింది నువ్వేనా?”

“పనిలోంచి బయటికి పోతున్నారని వేయించా. చచ్చిపోతారనుకోలేదు...” అతను మూలిగాడు. “డేనియల్‌కి మొదటి రోజే చెప్పేశా. నన్ను సాక్షిగా మార్చింది అతనే. ఇప్పుడు నిన్ను ఆపమని పంపిందీ అతనే!”

ఆమె పిడికిలి లేచింది. గాల్లోనే ఆగింది. వీణ్ణి ఇక్కడే...

గార్డు ప్రతి మాటా విన్నది. రేడియోలో అంబులెన్సు పిలిచి, మీ అమ్మాయిని నేను చూసుకుంటానని తలుపు తెరిచింది.

లోపల ఓటింగ్ గంట మోగుతోంది.

కృపాబాయి వెళ్లింది. ఓటు వేసింది. ఒక్క ఓటు తేడాతో ఎమర్జెన్సీ రద్దయింది.

సభ హోరెత్తింది. బేక్ కోటు సర్దుకుంటూ లేచాడు.

కృపాబాయి ఇంకా నిలబడే ఉంది. చేతికి అంటిన కర్టిస్ నెత్తురు తుడుచుకోలేదు.

“స్పీకర్ గారూ, ఆయన్ని కూర్చోమనండి. నా భర్తను చంపినవాణ్ణి ఈ ప్రధాని ఎలా దాచాడో చెప్పాలి.”