పన్నెండు నిమిషాల ఎడం

సాయంత్రం ఐదూ పది. మైక్రోస్కోప్ గది తలుపు తెరిచిన టెక్నీషియన్ చేతిలోంచి కొత్త బల్బు జారి భళ్లుమంది.

నేల మీద చెల్లి వెల్లకిలా పడి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. తల కింద నెత్తురు అప్పటికే నల్లబడింది.

ఆ ల్యాబ్‌లో అక్కాచెల్లెళ్లిద్దరూ రీసెర్చ్ చేస్తున్నారు. అందుకే చిన్నామెను అందరూ చెల్లి అనే పిలిచేవారు. పెద్దామె అందరికీ అక్క.

ఐదూ నలభైకి ఇన్‌స్పెక్టర్ వచ్చింది. మాట పొదుపు మనిషి. శవాన్ని చూసి అయ్యో అనడం ఆమె ఎప్పుడో మానేసింది.

"కాలు జారి బల్లకు తల కొట్టుకుంది. యాక్సిడెంట్" అన్నాడు ప్రొఫెసర్.

"మీరు చూశారా?"

"లేదు."

"అయితే చెప్పకండి."

మైక్రోస్కోప్ ఉన్న రాతిబల్ల మూలకు నెత్తురు, నాలుగు వెంట్రుకలు. అది సరే. ఇన్‌స్పెక్టర్ ఇంకాస్త వంగింది. చెల్లి కుడి పిడికిట్లో స్టీలు పట్టకారు. తలకిందులుగా పట్టుకుంది. మొన అరచేతిలో దిగబడి ఉంది. బల్ల కింది ఇనపచట్రం మీద ఒకేచోట రంగు లేచిపోయింది.

పోలీసు డాక్టర్ గ్లవ్స్ తీశాడు.

"వెంటనే పోలేదు మేడమ్. గంట దాకా ప్రాణం ఉంది. మాట పడిపోయి ఉంటుంది. అరగంటలో ఆస్పత్రికి చేర్చి ఉంటే బతికేది."

గుమ్మం బయట స్టూలు మీద అక్క కూర్చుని ఉంది.

ఇన్‌స్పెక్టర్ ఆమె ముందే కుర్చీ వేసుకుంది.

"చెల్లిని ఎప్పుడు చూశారు?"

"మూడున్నరకి. రికార్డింగ్ పెట్టుకుంటానని లోపలికి వెళ్లింది."

"మీరు?"

"ఈ స్టూలు మీదే కూర్చున్నాను. తను వచ్చాక ఇద్దరం కలిసి ఇంటికి వెళ్దామని."

"ఐదూ పది దాకా?"

"కదల్లేదు మేడమ్."

"లోపలికి ఎవరైనా వెళ్లారా?"

"ఎవరూ వెళ్లలేదు. ఎవరూ బయటికి రాలేదు."

"ఇంకో తలుపు ఉందా?"

"లేదు."

ఇన్‌స్పెక్టర్ ప్రతి ముక్కా రాసుకుంది. తర్వాత టెక్నీషియన్‌ను పక్కకు పిలిచింది. ముసలాయన.

"నాలుగూ పదికి బల్బు మార్చడానికి వచ్చాను మేడమ్. అక్క వెళ్లనివ్వలేదు. లోపల రికార్డింగ్ నడుస్తోంది, తలుపు తీస్తే పాడైపోతుంది అంది."

"అప్పుడేమైనా వినబడిందా?"

"టక్‌మని ఏదో కొట్టినట్టయింది. ఏంటమ్మా అదీ అన్నాను. పంపు చప్పుడులే, నువ్వెళ్లు బాబాయ్ అంది. వెళ్లిపోయాను. ఐదూ పదికి తనే పిలిచి, ఇక తెరువు అంది."

లోపల కంప్యూటర్‌లో గంటసేపటి రికార్డింగ్ ఉంది. మూడున్నర నుంచి నాలుగున్నర దాకా. బూడిదరంగు తెర మీద రెండు నల్లచుక్కలు.

"ఏంటివి?"

"గాజుపూసలు. మైక్రోస్కోప్ లేనిదే కనబడవు" అన్నాడు ప్రొఫెసర్. "లిక్విడ్ క్రిస్టల్‌లో తేలుతున్నాయి. ఫోన్ తెరల్లో ఉండే రకం ద్రవం. దాని అణువులు బారులు తీరి ఉంటాయి. పూస అడ్డం వస్తే ఆ బారు వంగుతుంది. వంపు తగ్గించుకోవడానికి ద్రవం రెండు పూసల్నీ దగ్గరికి లాగుతుంది."

"మరి దూరంగా ఉన్నాయే?"

"రెండింటికీ ఒకే రకం ఛార్జ్. ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ద్రవం శుద్ధంగా ఉంటే ఆ తోపుడే గెలుస్తుందని ఆ పిల్ల వాదన. ఉప్పులాంటిది కలిసిందా, అయాన్లు, అంటే ఛార్జ్ ఉన్న అణువులు, వచ్చి పూసల చుట్టూ మూగుతాయి. తోపుడు చచ్చిపోతుంది. పూసలు అతుక్కుపోతాయి. ఆ పిల్ల శాంపిళ్లు రెండేళ్లుగా అంతే. చేతిశుభ్రం లేదు. నెలాఖరుకి మానేయమని చెప్పేశాను."

"అంటే మీరు ఎలాగూ పంపించేస్తున్నారు. మరి అక్క సంగతేంటి?"

"ఆమె థీసిస్ మొత్తం పూసలు అతుక్కుంటాయనే. ఛార్జ్ లెక్కలోకే రాదంటుంది. చెల్లి మాట నిజమైతే, అక్క పదేళ్ల చాకిరీ చెత్తబుట్టలోకే."

ఇన్‌స్పెక్టర్ రికార్డింగ్ మళ్లీ మొదటి నుంచి పెట్టింది. వాచీ చూసుకుంటూ కూర్చుంది. ఒక్కసారి కాదు, మూడుసార్లు.

రాత్రి పదింటికి ముగ్గురినీ ప్రొఫెసర్ గదిలో కూర్చోబెట్టింది.

"శాంపిల్ మురికిదైతే మొదటి నిమిషంలోనే పూసలు అతుక్కోవాలి. అవునా?"

ప్రొఫెసర్ తలూపాడు.

"పన్నెండు నిమిషాలు ఎడంగా నిలబడ్డాయి. మూడూ నలభై రెండుకి కదిలాయి. నలభై ఆరుకి అతుక్కున్నాయి. అంటే ఉప్పు మధ్యలో పడింది. రెండేళ్లుగా మీరు అతుక్కున్న పూసల్నే చూశారు సార్. అంతకుముందు అవి ఎంతసేపు ఎడంగా ఉన్నాయో చూడలేదు."

ప్రొఫెసర్ ముందుకు వంగాడు. "తన శాంపిల్‌లో తనే ఉప్పు ఎందుకు వేసుకుంటుంది?"

"వేసుకోదు. గదిలో రెండో మనిషి ఉన్నారు." ఇన్‌స్పెక్టర్ అక్క వైపు తిరిగింది. "మూడున్నర నుంచి తలుపు దగ్గరే ఉన్నానన్నారు. ఎవరూ లోపలికి వెళ్లలేదు, ఎవరూ బయటికి రాలేదన్నారు. ఇంకో తలుపు లేదన్నారు. ఇక మిగిలింది ఎవరు?"

ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్‌లో ఓ పేజీ తిప్పింది.

"మూడూ యాభై ఒకటికి రికార్డింగ్‌లో బొమ్మ ఒక్క ఉదుటున అదిరింది. చెల్లి తల బల్లకు తగిలిన నిమిషం అది. యాభై ఎనిమిది నుంచి మళ్లీ అదురు. చిన్న చిన్న అదుర్లు. లేవలేక, అరవలేక, పట్టకారుతో బల్ల చట్రం మీద కొట్టింది."

టెక్నీషియన్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. "పంపు అన్నావు కదమ్మా..." అన్నాడు.

అక్క ఆయన వైపు చూడలేదు.

"తను పక్కగదిలో ఉందనుకున్నా" అంది, నేలను చూస్తూ. "ఉప్పునీటి చుక్క వేసి, పూసలు అతుక్కునేదాకా చూసి తిరిగేసరికి వెనకాలే ఉంది. కోప్పడలేదు. 'అక్కా, నువ్వా?' అంది. ఇన్నాళ్లూ నా చేతులదే తప్పనుకుని ఏడ్చాను కదే, అంది. నన్ను వాటేసుకోబోయింది. తోసేశాను."

"తోశారు. బయటికొచ్చి తలుపు వేశారు. కాపలా కూర్చున్నారు. లోపల ఆ పిల్ల పదకొండుసార్లు కొట్టింది."

అక్క తలెత్తింది.

"పదమూడు" అంది.

ఇన్‌స్పెక్టర్ పెన్ను ఆగింది. రికార్డింగ్ నాలుగున్నరకే అయిపోయింది. తర్వాతి రెండు దెబ్బలు ఏ కెమెరాలోనూ లేవు.

"చివరివి నాలుగూ నలభైకి" అంది అక్క. "రెండూ వెంటవెంటనే. మెల్లిగా."

"ఆ తర్వాత?"

"అరగంట కూర్చున్నా. మళ్లీ కొడుతుందేమోనని."

ఇన్‌స్పెక్టర్ ఆ మాట కూడా రాసుకుంది. కాగితం ఆమె ముందుకు తిప్పి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది.