మాస్టారి ఎడమ మూల

మాస్టారికి మతి జారుతోందట. ఈ మాట పుట్టింది ఎదురింటావిడ నోట్లో. దాన్ని టైలరమ్మ చెవిన వేసింది మాత్రం పై అంతస్తు వదిన. కర్టెన్ల గుడ్డ చంకన పెట్టుకుని పొద్దున్నే మెట్లు దిగివచ్చి, కొలతల సంగతి పక్కకి నెట్టి, ముందు ఇది విప్పింది.

"ఎదురింటి వాళ్ల కంప్యూటర్లో మాట వినపడట్లేదని నిన్న మీ ఆయన్ని పిలిచారట వదినా. ఈయన కూర్చుని తెర మీద ఎడం పక్క కింది మూల నొక్కుతారట, మళ్లీ అక్కడే నొక్కుతారట. అక్కడేమన్నా ఉంటే కదా? వట్టి ఖాళీ మూలట. చివరికి 'ఇప్పుడే వస్తానమ్మా' అని లేచి వచ్చేశారట, చెప్పులు వాళ్ల గుమ్మంలోనే వదిలేసి. నేను నమ్మలేదనుకో. నీ చెవిన వేద్దామని."

"ఆయనకి పరధ్యానం కొత్తా ఏంటి? మా పెళ్లి ఫొటోలో కూడా ఎటో చూస్తుంటారు. కర్టెన్ పొడవెంత పెట్టమంటావ్?" అంది టైలరమ్మ. మాట నిబ్బరంగానే ఉంది. చేతిలో దారం మాత్రం సూది బెజ్జంలోకి వెళ్లనని మొరాయించింది.

వదిన వెళ్లాక మిషన్ మీద చెయ్యి వేసి అలాగే కూర్చుండిపోయింది. నిన్న సాయంత్రం ఆయన ఒట్టి కాళ్లతో ఇంట్లోకి వచ్చిన మాట నిజమే. ఆమె చూసింది. మోకాలి నొప్పికి చల్లగా ఉంటుందని అలా నడిచారేమో అని సరిపెట్టుకుంది. ఆ మోకాలి నొప్పి కూడా ఈ మధ్యే మొదలైంది, అదీ ఎవరైనా కంప్యూటర్ చూడమని పిలిచినప్పుడే.

ఇదే గదిలో మాస్టారు ఒకప్పుడు టైపు నేర్పేవారు. పిల్లల కళ్లకి జేబురుమాలు కట్టి కొట్టించేవారు. "వేళ్లకి తెలియాలి. కళ్లకి ఇక్కడ పనేంటి?" అనేవారు. టైపు మిషన్లు తుక్కు బేరానికి వెళ్లిపోయాక ఒక కంప్యూటర్ కొని, ఎవరి దగ్గరా నేర్చుకోకుండా, దాని లోగుట్టంతా వేళ్లకి ఎక్కించుకున్నారు. వీధిలో ఎవరి ప్రింటరు అలిగినా, ఎవరి తెర చీకటైనా "మాస్టార్ని పిలవండి" అనేవారు. ఆయన పుచ్చుకునేది ఒక కప్పు టీ. తిరిగి వచ్చేటప్పుడు నడకలో మాత్రం కుర్రతనం వచ్చేది. ఆ నడకంటే టైలరమ్మకి ఇష్టం. అది చూసి ఎన్నాళ్లయిందో.

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. బావగారికి, అంటే మాస్టారి అన్నగారికి, ఇలాగే మొదలైంది. సబ్బు కొనడానికి వెళ్లిన మనిషి సొంత గుమ్మం ముందు నిలబడి, "తలుపు నిన్న ఇక్కడే ఉంది కదమ్మా" అన్నాడు. తర్వాత్తర్వాత అన్నం కలిపి పెట్టే మరదలిని "మీరెవరి తాలూకు?" అని అడిగేవాడు. ఆ చాకిరీ అంతా తన చేతుల మీదుగా జరిగింది. చాకిరీకి ఆమె భయపడదు. ఆమె భయమంతా ఆ ప్రశ్న మళ్లీ వినాల్సి వస్తుందేమోనని.

మధ్యాహ్నం షిఫ్టు దిగి కొడుకు వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే పని వాడిది. ఏదైనా చప్పుడు తేడాగా వస్తే ముందు ఆపేసి, ఆ తర్వాత తలుపు తెరుస్తాడు. ఇంట్లోనూ వాడి పద్ధతి అదే. వదిన తెచ్చిన కబురు తల్లి చెప్పగానే అడిగాడు.

"ఎన్నాళ్ల నుంచమ్మా?"

"నాకేం తెలుసురా. ఆయన చెప్తే కదా."

"పెదనాన్నప్పుడు కూడా ఇలాగే చూద్దాం చూద్దాం అన్నారు. రేపే నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. ముందు ఈ కంప్యూటర్ తీసేద్దాం. ఎవరైనా పిలిస్తే లేదని చెప్పెయ్. జనంలో నవ్వులపాలవడం ఎందుకు?"

"పడుకుని ఉన్నారు. లేచాక ఒక మాట అడిగి..."

"అడిగితే ఒప్పుకుంటారా?"

ఒప్పుకోరు. అది ఆమెకీ తెలుసు. వాడు వైర్లు పీకి చుట్టచుడుతుంటే, తనే వెళ్లి మిగిలిన కర్టెన్ గుడ్డ ముక్క తెచ్చి తెర మీద కప్పింది.

కునుకు తీసి లేచిన మాస్టారు కళ్లజోడు పెట్టుకుంటూ తిన్నగా ఆ బల్ల దగ్గరికే వచ్చారు. గుడ్డ చూశారు. చుట్టిన వైర్లు చూశారు. కుర్చీ గోడవారకి జరిపి ఉంటే దాన్నీ చూశారు. కోప్పడతారనుకున్నారు తల్లీకొడుకులిద్దరూ.

"ఎవరు చెప్పారు? ఎదురింటమ్మా?" అన్నారు నెమ్మదిగా.

"ఎవరైతే ఏంటి నాన్నా. రేపు ఒక్కసారి డాక్టరుకి చూపించుకుందాం. ఏమీ లేదంటే మంచిదే కదా."

"ఏమీ లేదని ఎందుకంటాడు?" మాస్టారు మంచం అంచున కూర్చున్నారు. "నాకే అనుమానంగా ఉంటేను. తెర రూపం మారిందని నాకు తెలుసురా, నేనేమీ గుడ్డివాణ్ణి కాను. కష్టపడి కొత్త దారి కూడా పట్టుకున్నాను. మొన్న ఆ ఇంట్లోనే మాట తెప్పించింది నేనే. నిన్న అదే దారిలో వెళ్తే ఆ దారే లేదు. ఇంకెక్కడికో తీసుకెళ్లింది. ఇంటికొచ్చి మన పాత దాని మీద చూసుకుంటే అన్నీ ఉన్న చోటే ఉంటాయి. బయటికెళ్తే ఉండవు. అన్నయ్యకీ అంతే కదా. తలుపు ఎటూ పోదు, మనిషే పోతాడు."

టైలరమ్మ ఆయన పక్కన కూర్చుంది. ఆయన చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. ఆ వేళ్లు అప్పటికీ ఏదో వెతుకుతున్నట్టు చిన్నగా కదులుతూనే ఉన్నాయి. కొడుకు కిటికీ వైపు తిరిగి ముక్కు ఎగబీల్చాడు.

అప్పుడొచ్చింది కోడలు. పళ్ల డాక్టరు దగ్గర రోగులకి వేళలు రాసే ఉద్యోగం ఆమెది. భుజాన సంచి దించకుండానే ముగ్గురి మొహాలూ చూసి, "ఏమైంది అత్తయ్యా?" అని హడలిపోయింది. సంగతంతా విన్నాక ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకుందామని పెదవి కొరుక్కుంది గానీ ఆగలేదు.

"నవ్వుతావేంటి?" మొగుడు కసిరాడు.

"మావయ్యని చూసి కాదండీ. పోయిన వారం మా డాక్టరుగారు నన్ను తిట్టినప్పుడు నేనూ బాత్రూమ్‌లోకెళ్లి ఏడ్చి వచ్చాను. కంప్యూటర్లో ప్రింటరు సెట్టింగ్ ఉండే చోటు దొరకలేదు. మొన్నటిదాకా రోజూ నేనే పెట్టేదాన్ని. రాత్రికి రాత్రి అప్‌డేట్ వచ్చి ఎక్కడివక్కడ మార్చేసింది. ఒకేసారి మార్చినా బాగుండు. ఈ నెల నాలుగు, వచ్చే నెల నాలుగు. పాత గదిలోంచి తీసి కొత్త గదిలో పెడుతుంటారు. ఉండండి, చూపిస్తా."

సంచిలోంచి ఆఫీసు ల్యాప్‌టాప్ తీసి మాస్టారి మోకాళ్ల మీద పెట్టింది. కింది పట్టీలో బొమ్మలన్నీ నడిమధ్య గుమిగూడి ఉన్నాయి. పాతవాటిలో స్టార్ట్ బొమ్మ ఉండే ఎడమ మూల బోసిగా ఉంది. సెట్టింగ్స్ తెరిస్తే పేజీ నిండా గుండ్రటి బొమ్మలు, ఒక్కో బొమ్మకి ఒక్కో ముక్క మాట, మిగతాదంతా ఖాళీ.

"ఇంత జాగా పెట్టుకుని ఏమీ రాయరేం?" అంది టైలరమ్మ. "గుడ్డ ఇంత మిగిలితే నేనైతే రెండు కర్టెన్లు కుట్టేదాన్ని."

"ఫోన్ చూసి గీశారు అత్తయ్యా. ఫోన్లో బొటనవేలితో నొక్కుతాం కదా, దానికి వీలుగా."

"బొటనవేలా?" మాస్టారు తలెత్తారు. "నా దగ్గర నేర్చుకున్న ఒక్కణ్ణి కూడా బొటనవేలితో మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదలడం తప్ప ఇంకో పని చెయ్యనివ్వలేదు నేను."

"మాట వినపడే చోటు చూపిస్తా మావయ్యా. ఇదిగో, ఇందులో... కాదు, దీని కింద 'ఇంకా కావాలంటే' అని ఉంటుంది... ఉండండి." కోడలు పైకీ కిందికీ జరిపింది. వెనక్కి వచ్చింది. మళ్లీ వెళ్లింది. నుదురు ముడిపడింది. "అదేంటి, మొన్న ఇక్కడే ఉంది."

ఆ మాట అన్న ఆమెకి ఏమీ తెలియలేదు. విన్న ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాస్టారు కళ్లజోడు తీసి పంచె చెంగుతో అద్దాలు తుడుచుకుంటే, తడి అద్దాలది కాదని తెలిసిపోయింది.

"నేను కాదన్నమాట," అన్నారు. "దానిదే అన్నమాట." కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "నేను టైపు మిషన్ మీద చేతులేసిన ఇన్నేళ్లలో ఎవడైనా ఒక్క అక్షరం తీసి పక్కన పెట్టాడా? పెట్టి ఉంటే టైపిస్టులందరం ఒకేసారి పిచ్చివాళ్లమయ్యేవాళ్లం," అన్నారు. టైలరమ్మ కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

"ఇలా కుదరదు గానీ మావయ్యా, పైన ఈ గడి ఉంది చూడండి. ఎక్కడుందో వెతక్కుండా ఏం కావాలో ఇందులో రాసెయ్యడమే. నేనైతే రెండు వేళ్లతో పొడుచుకుంటూ..."

ఆమె మాట పూర్తి కాలేదు. మాస్టారు కోడలి మొహం వైపే చూస్తూ, చేతులు మీట్ల మీద వేసి, కళ్లు దించకుండా కొట్టేశారు. చప్పుడు వానలా వచ్చి ఆగింది. కావలసిన పేజీ తెర మీద నిలబడింది.

"మళ్లీ కొట్టండి. ప్రింటరు," అంది కోడలు. కొట్టారు. వచ్చింది. "మౌస్ వేగం." వచ్చింది. "అక్షరాల సైజు." అదీ వచ్చింది. పరీక్ష పెట్టినట్టు ఆమె అడుగుతుంటే ఆయన వీపు కొద్దికొద్దిగా నిటారవుతోంది. టైలరమ్మ లేచి వెళ్లి తెర మీది గుడ్డ లాగేసి, నాలుగు మడతలు పెట్టి మిషన్ సొరుగులోకి తోసేసింది. అది అక్కడెందుకుందో తనకి తెలియనట్టే.

కొడుకు వైర్ల చుట్ట విప్పి, వంగి ఒక్కొక్కటే తగిలించాడు. కుర్చీ తెచ్చి బల్ల ముందు వేశాడు. తండ్రి భుజం మీద చెయ్యి వేసి, చనువుగానే నిష్ఠూరమాడాడు.

"ఇన్నాళ్లూ లోపల కుమిలిపోయే బదులు మాకో మాట చెప్తే పోయేది కదా నాన్నా. చెప్తే మేమేం చేసేవాళ్లం?"

మాస్టారు తెర మీంచి చూపు తిప్పలేదు.

"ఇవాళ చేసిందే. కాకపోతే ఇంకా ముందు చేసేవాళ్లు."