రెండు చీటీలు, ఒకే నంబరు

"అన్నా, రేపు నన్ను జైల్లో ఏస్తారంట. చీటీ నేను మార్చల్యా. మిషన్ ఇచ్చిన నంబరే రక్తం సీసాకు అంటించినా."

నంద్యాలలో డిటెక్టివ్ అబ్రహాము గదిలో కూర్చుని లూదియా మొరపెట్టుకుంటోంది. ఆళ్లగడ్డ రక్తపరీక్షల కౌంటర్లో ఆమె ఉద్యోగం. వారం కిందట హేమలత అనే బాలింతకు వేరే గ్రూపు రక్తం ఎక్కి ప్రాణం పోయింది. ఆమె చీటీ మీది నంబరు నంద్యాల బ్రాంచిలో పరీక్షకొచ్చిన వేరొకరిది. నర్సింగ్ హోమ్‌వాళ్లు ఆ నంబరు కింద వచ్చిన గ్రూపునే నమ్మి రక్తం ఎక్కించారు. యజమాని చెన్నకేశవులు తప్పంతా లూదియా నెత్తిన రుద్ది, పోలీసులకు తానే ఫిర్యాదు చేశాడు. పేదోళ్ల నెత్తి రుద్దడానికి ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది కదా!

"పేరు కంప్యూటర్లో ఎక్కించేముందు ఏం చేస్తావమ్మా?" అడిగాడు అబ్రహాము.

"నంద్యాల కౌంటరుకు ఫోన్ చేసి, 'నేను కొడ్తాండా, ఆగు' అంటాం. ఇద్దరం ఒకేసారి బటన్ కొట్టగూడదని సారు ఆర్డరు."

"ఎందుకు?"

"అడిగితే తిడ్తాడన్నా."

"హేమలత వచ్చిన పొద్దు చేసినావా?"

"ఫోను యాడిది? ముచ్చట్లు పెడ్తాండావని ముందురోజే గుంజుకొని, తన సొరుగులో ఏసి తాళం పెట్టినాడు."

అబ్రహాము నవ్వాడు. ఆ నవ్వంటే అతని అసిస్టెంటు ప్రవళికకు భయమూ, భక్తీ. ఎవడి కొంపో మునగబోతోందన్నమాట.

మర్నాడు ఆళ్లగడ్డ కౌంటర్లో అందరినీ కూర్చోబెట్టాడు. సబ్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. హేమలత తల్లి కమలాక్షమ్మ పసిబిడ్డను ఎత్తుకుని మూలన నిలబడింది. నంద్యాల కౌంటరు నుంచి ఎజ్రా ఫోను స్పీకర్లో ఉన్నాడు.

"కేశవులప్పా, రవ్వంత రక్తమియ్యి. నీ పేరు లూదియా ఎక్కిస్తాది. అదే నిమిషంలో ఎజ్రా ఆడ ఇంకొకరి పేరు ఎక్కిస్తాడు. నీకు ఎప్పుడన్నా రక్తం కావల్సొస్తే ఈ చీటీ చూసే ఎక్కిస్తారు."

చొక్కా చెయ్యి మడిచిన చెన్నకేశవులు చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఒకరు కొట్టినాక ఇంకొకరిని కొట్టమను!"

"ఏం? ఏమైతాది?"

అబ్రహాము సైగ చేశాడు. ఇద్దరూ ఒకేసారి బటన్ కొట్టారు. ఇక్కడ చీటీ బయటికొచ్చింది. స్పీకర్లో ఎజ్రా తన చీటీ నంబరు చదివాడు. రెండూ ఒకటే. అబ్రహాము చెన్నకేశవులు వైపు తిరిగాడు.

"పేరు ఎక్కినాక, 'నాకిచ్చిన నంబరేందీ' అని అడగల్ల. రెండు కౌంటర్లకూ ఒకటే అయిన ఈ ప్రోగ్రాం, 'ఇంతదాకా ఇచ్చినవాట్లో అన్నిటికన్నా పెద్ద నంబరేందీ' అని అడుగుతాది. నడుమ ఆడ ఇంకో పేరు ఎక్కితే, ఆ నంబరే నీ చీటీ మీద పడ్తాది. సరిచేస్తానంటే కౌంటరు ఒక పూట గూడ మూసేదిల్యాదన్యావంట. ప్రోగ్రాం రాసినోడే చెప్పినాడు నాకు. అందుకే ఫోన్ల పద్ధతి పెట్టినావ్. మళ్లా ఆ ఫోనే గుంజుకున్యావ్."

ప్రవళిక సొరుగు తెరిపించి ఫోను తీసి, ఛార్జింగ్ పెట్టింది. అందులో హేమలత పరీక్ష రోజు ఎజ్రా చేసిన మిస్డ్ కాల్ ఉంది.

"సొరుగులో మోగింది. ఇన్నావా, ల్యాదా?"

"మోగింది..." చెన్నకేశవులు తల వంచుకున్నాడు. "వాళ్లే చూసుకుంటారులే అనుకున్యా."

సబ్ ఇన్‌స్పెక్టరు లేచి, లూదియాను ఇంటికి పొమ్మన్నాడు. చెన్నకేశవుల్ని మాత్రం కదలొద్దన్నాడు.

కమలాక్షమ్మ మెల్లగా వచ్చి, చెన్నకేశవులు మడిచిన చొక్కా చేతిని తానే కిందికి దించింది.

"చెయ్యి దాచుకో నాయనా. రక్తం ఎక్కిచ్చేటప్పుడు నా హేమలత గూడ సూదికి భయపడి ఇట్లే ఎనక్కి గుంజుకున్నింది. నేనే గట్టిగా పట్టుకున్యా."