మూల సీటులో మొదటి ప్రోగ్రాం

ఆ కంప్యూటర్ గదిలో చివరి వరస మూల సీటుకి మంచి పేరు లేదు.

గది నేల కింద అంతస్తులో ఉంటుంది. కిటికీలు లేవు. మెట్లు దిగుతుంటేనే చల్లగాలి పాదాలకి తగులుతుందట. ఎంతమంది వచ్చినా ఆ మూల కుర్చీలో మాత్రం ఎవరూ కూర్చోరు. ఎందుకని అడిగితే పిల్లలు నవ్వేసి, "అక్కడి కంప్యూటర్ మనం చెప్పింది వినదు. ఇంకెవరిదో వింటుంది" అంటారు. అంతకుమించి చెప్పరు.

ఇది మా మనవరాలు చెప్పగా విన్నది. చివర కొంత నా చెవులతోనే, ఫోన్లో విన్నాను. బడిలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. కారణం లేకుండా ఏదీ జరగదని పిల్లల చేత వల్లె వేయించినదాన్ని. అందుకని తొందరపడకుండా వరసగా చెబుతాను, వినండి.

మా మనవరాలికి యూనివర్సిటీలో సీటు ఆఖరి విడతలో వచ్చింది. చేరేసరికి ప్రోగ్రామింగ్ మొదటి క్లాసు అయిపోయింది. మొదటి ప్రోగ్రామేమో ఆ సాయంత్రం గది మూసేలోగా పంపాలి. పంపనివాళ్ళ సీటు మర్నాడు వెయిటింగ్‌లో ఉన్న ఇంకొకరికి పోతుంది. అదీ రూలు.

ప్రోగ్రాం అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. చేయాల్సిన పనిని మిషన్ చదవగలిగే భాషలో ఒక్కో మెట్టూ రాసిపెట్టడం. ఆ రోజు పని మరీ చిన్నది: మిషన్ "నీ పేరేమిటి?" అని అడగాలి, మనం పేరు కొట్టగానే పలకరించాలి. ఒకటో తరగతి టీచరు మొదటిరోజు చేసే పనే.

మన పిల్ల వెళ్ళేసరికి మూల సీటొక్కటే ఖాళీ. కూర్చుంది. పుస్తకంలో చూస్తూ అక్షరం అక్షరం కొట్టింది. సేవ్ చేసింది. రన్ నొక్కింది.

మిషన్ పేరు అడగలేదు. నల్లటి తెర మీద ఒకే ఒక్క వాక్యం—

"నేనింకా ఇక్కడే ఉన్నాను."

ఆ మాట తను రాయలేదు. పైనుంచి కిందికి చదువుకుంది... ఎక్కడా లేదు. ఏదో మార్చి మళ్ళీ నొక్కింది. అదే. ఇంకేదో మార్చింది. అదే.

ఈలోగా ఒక్కొక్కరూ సంచులు సర్దుకుని మెట్లెక్కుతున్నారు. గది పలచబడుతోంది. పైన చీకటి పడిందో లేదో తెలిసే వీల్లేదు.

అప్పుడు నాకు ఫోన్ చేసింది.

"అమ్మమ్మా..." గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది.

"ఏమే చిట్టీ, తిన్నావా?"

"మిషన్ మాట్లాడుతోంది."

"మా కుట్టు మిషన్ మాట్లాడితే రెండు చుక్కలు నూనె వేస్తాను. నువ్వూ వెయ్యి."

అది నవ్వలేదు. నాకు భయం మొదలైంది అప్పుడే.

"సరే, నువ్వు రాసింది చదువు, వింటాను."

"ఏమీ లేదు అమ్మమ్మా... అంతా చెరిపేశాను. ఖాళీ పేజీ. ఖాళీ పేజీ రన్ చేసినా అదే అంటోంది."

తప్పు రాసిన పిల్లని దిద్దగలను. రాయని పిల్లని కూర్చోబెట్టి రాయించగలను. ఖాళీ పలక దానంతటది పాఠం అప్పజెబితే... అది నాకెవరూ నేర్పలేదు.

"పక్కనెవరైనా ఉంటే అడగరాదుటే?"

"ఒక్కమ్మాయే ఉంది. ఇది కూడా రాదా అనుకుంటుంది."

"అనుకోనీ."

"నీకేం, నువ్వక్కడ కూర్చుని చెబుతావు."

అంతలో ఆ అమ్మాయీ వెళ్ళిపోయింది. తలుపు మూసుకున్న చప్పుడు నాకూ వినబడింది. ఇక నేను చేయగలిగింది లేదు. ఫోన్ పట్టుకుని ఇవతల నేను, అవతల అది. మధ్యలో మిషన్ల హోరు.

ఆ హోరులోంచి... గలగలమని శబ్దం.

తాళాల గుత్తి. గది చూసుకునే మనిషి. పిల్లలందరూ అతన్ని తాళాలన్న అంటారు. ముందువరస లైట్లు ఆర్పుకుంటూ వస్తున్నాడు.

"మూసేస్తున్నా. లేమ్మా ఇంక."

"అన్నా, పంపలేదింకా... ఇది పోతే నా సీటు పోతుంది."

"ఏమంటోంది?"

మనవరాలు తెర చూపించిందట. అతను పక్క కుర్చీ లాక్కున్నాడు.

"మొదటి క్లాసుకి రాలేదు కదూ? ఆ రోజు అందరూ ఎవరి ఫోల్డరు వాళ్ళు మిషన్‌కి చూపించుకున్నారు. నువ్వు చూపించలేదు. నువ్వు రాసేది ఒక ఫైలు, ఇది చదివేది అదే పేరున్న ఇంకో పాత ఫైలు."

నాకు చప్పున అర్థమైంది. మా బడి లెక్కలో చెప్పాలంటే, ఈ గదిలో నల్లబల్ల మీద మనం రాస్తున్నాం. పిల్లలు పక్క గది బల్ల చూసి చదువుతున్నారు. మనం ఎంత దిద్దినా, మొత్తం చెరిపేసినా వాళ్ళు చదివేది మారదు. అంతేగా! చూశారా, కారణం లేకుండా ఏదీ జరగదు.

తాళాలన్న ఫోల్డరు సరిచేశాడు. మన పిల్ల మళ్ళీ అంతా కొట్టింది. రన్ నొక్కింది.

"నీ పేరేమిటి?" అని అడిగింది మిషన్.

పేరు కొట్టింది. మిషన్ పలకరించింది. మన పిల్ల ప్రోగ్రాం పంపింది. 'అందింది' అని జవాబొచ్చాక ఇద్దరం ఫోన్లో ఏడ్చాం, ఒకరికొకరు తెలియనివ్వకుండా.

నేను పెట్టేయబోతుంటే అది అడగడం వినిపించింది.

"ఆ పాత ఫైలు ఎవరిదన్నా?"

"ఇంతకుముందు ఇక్కడ చేరిన ఒక కుర్రాడిది. మొదటి ప్రోగ్రాం రాక సీటు పోయినా, రోజూ ఇక్కడే కూర్చునేవాడు. ఎవర్నీ అడిగేవాడు కాదు. నేను లైట్లు ఆర్పుతుంటే లేచి వెళ్ళేవాడు. ఒకరోజునుంచి రాలేదు."

"ఎక్కడున్నాడో?"

"ఎవరూ కనుక్కోలేదమ్మా."

"మరి... ఆ ఫైలు తీసేయొచ్చు కదన్నా? నాలాంటివాళ్ళు భయపడకుండా?"

తాళాలు గలగలమనడం ఆగిపోయింది.

"ఇవాళ పొద్దున్నే తీసేశాను" అన్నాడు, గొంతు బాగా తగ్గించి. "నిన్న పొద్దున్న కూడా."

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు.

"నువ్వు ముందు మెట్లెక్కు తల్లీ. ఈ ఆఖరి లైటు... నువ్వు వెళ్ళాక ఆర్పుతాను."